మోకాలి మార్పిడి - తరువాతి చిక్కులు - వాటి చరిత్ర



ఒకప్పుడు మన సంఘం సమావేశంలో టీ తాగే వేళ మాట్లాడుకునేది డి.ఏ. బకాయిల గురించి, పే రివిజన్ గురించి. ఆ మాటలు ఇప్పటికీ ఉన్నాయి గానీ, కుర్చీలోంచి లేచేటప్పుడు సగం మంది ఒక చేత్తో మోకాలు పట్టుకుంటున్నారు. మోకాళ్లు మార్పించుకున్న సభ్యులు చాలామందే ఉన్నారు. వారిలో ఎక్కువ మందికి బాగానే ఉంది. వారి గురించి నేను రాయబోవడం లేదు. బాగా నడుస్తున్న బండిని ఎవరూ షెడ్డుకు తీసుకురారు. ఆపరేషన్ తరువాత ఏదో ఒక చిక్కు వచ్చినవారి గురించి, ఆ చిక్కులతో వైద్యులు ఎలా కుస్తీ పడుతూ వచ్చారన్న దాని గురించి ఈ ప్రత్యేక సంచికకు రాయమని సంపాదకులు అడిగారు. నన్నే ఎందుకు అడిగారంటే, నా కుడి మోకాలికి మూడు ఆపరేషన్లు జరిగాయి.

నేను డాక్టరును కాను. ప్రభుత్వ వర్క్‌షాపులో 33 ఏళ్లు రోడ్డు రోలర్లు, జీపులు విప్పి బిగించినవాణ్ణి. మంచం మీద ఉన్న రోజుల్లో మా అమ్మాయి తెచ్చిపెట్టిన పుస్తకాలు, వ్యాసాలు చదివాను. చదివే కొద్దీ ఒక సంగతి తెలిసింది. ఆస్పత్రిలో మనల్ని విసిగించే ప్రతి జాగ్రత్త వెనుకా, ఎప్పుడో ఎక్కడో ఒక రోగి పడిన బాధ ఉంది. పొట్ట మీద గుచ్చే సూది, మొదటి రోజునే నడవమని సతాయించే ఫిజియోథెరపిస్టు, పన్ను పుచ్చితే ఆపరేషన్ వాయిదా వేసే సర్జను, వీటిలో ఏదీ ఊరికే రాలేదు.

ముందుగా ఒక చిన్న సవరణ. మనం "చిప్పలు మార్చారు" అంటాం. నిజానికి మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది చివర చెక్కి లోహపు తొడుగు వేస్తారు. కాలి ఎముక పైభాగం చదును చేసి లోహపు పళ్లెం కూర్చోబెడతారు. ఈ రెంటి మధ్య ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది. చిప్ప లోపలి వైపు కొందరికి ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు, కొందరికి అదీ ఉండదు. అంటే షాఫ్టు, బుష్, కూర్చునే గూడు. మాలాంటివారికి పాత పరిచయమే.

1890లో బెర్లిన్ నగరంలో థెమిస్టోక్లిస్ గ్లూక్ అనే శస్త్రవైద్యుడు, పాడైన మోకాలి కీలు తీసివేసి ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. తలుపుకు మడతబందు ఉంటుంది చూశారా, అటువంటిది. దాన్ని ఎముకలో నిలబెట్టడానికి గుగ్గిలం వంటి జిగురూ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిసూ కలిపిన సిమెంటు వాడాడు. ఇప్పటి మోకాలి మార్పిడిలో ఉన్నవన్నీ, అంటే కృత్రిమ కీలు, దాన్ని పట్టి ఉంచే సిమెంటు, అప్పుడే ఉన్నాయన్న మాట. మొదటి వారాల్లో ఫలితం బాగానే కనిపించింది. కానీ ఆ రోగుల కీళ్లు క్షయవ్యాధి వల్ల పాడైనవి. లోపల క్రిములు అలాగే ఉండగా పైన కొత్త కీలు పెట్టినట్లయింది. చీము పట్టింది. అమర్చినవి తీసివేయవలసి వచ్చింది. ఆయన పై అధికారి, జర్మనీలో పేరు మోసిన శస్త్రవైద్యుడు బెర్గ్‌మన్, ఈ పనిని గట్టిగా వ్యతిరేకించాడు. చివరకు గ్లూక్ తానే, క్రిములున్న కీలులో ఇటువంటివి పెట్టరాదని ఒప్పుకున్నాడు. క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి అప్పటికి ఇంకా యాభై ఏళ్లకు పైగా ఉంది.

ఆపరేషన్‌కు ముందు మూత్ర పరీక్ష, పళ్ల పరీక్ష, కాలి వేళ్ల మధ్య ఒరుపు ఉందేమోనని చూడడం ఎందుకని మనవాళ్లు విసుక్కుంటారు. మోకాలికీ పంటికీ సంబంధం ఏమిటంటారు. ఒంట్లో ఎక్కడ చీము ఉన్నా అది రక్తంలో ప్రయాణించి కొత్త లోహం మీద చేరగలదు. బెర్లిన్‌లో నేర్చిన పాఠం అదే.

ఆ తరువాత చాలాకాలం ఎవరూ ఆ జోలికి గట్టిగా పోలేదు. కీలులో కొవ్వు పొరో, కండర పొరో అడ్డం పెట్టి ఎముకలు రాసుకోకుండా చూసే పద్ధతులు సాగాయి. 1951లో స్వీడన్‌కు చెందిన వాల్డియస్ మళ్లీ మడతబందు తెచ్చాడు. మొదట అక్రిలిక్ ప్లాస్టిక్‌తో, తరువాత లోహంతో. ఇంగ్లండులో షియర్స్ ఇలాంటిదే చేశాడు. ఇవి ఎక్కువగా కీళ్లవాతంతో మంచం పట్టినవారికి పెట్టేవారు. నొప్పి పోయేది. కొన్నేళ్లకు వదులయ్యేవి.

ఎందుకు వదులయ్యేవో మెకానిక్‌కు చెప్పనక్కరలేదు. మోకాలు మడతబందు కాదు. వంగేటప్పుడు తొడ ఎముక కాలి ఎముక మీద దొర్లుతుంది, జారుతుంది కూడా. కాలు పూర్తిగా చాచేటప్పుడు చివర్లో కాస్త తిరుగుతుంది. ఈ దొర్లడం, జారడం సంగతి జర్మనీలో వెబర్ సోదరులు 1836లోనే రాసిపెట్టారు. మడతబందు ఒక్క దిక్కుకే వంగుతుంది. పాదం నేల మీద ఆనించి మనిషి పక్కకు తిరిగితే ఆ మెలి ఎక్కడికి పోవాలి? కీలు కాడ ఎముకలో దిగిన చోటికి పోతుంది. పిన్ను గట్టిదైతే పిన్ను అరగదు, పిన్ను కూర్చున్న గూడు అరుగుతుంది. రోడ్డు రోలర్లలో నేను రోజూ చూసిన సంగతే. అక్కడ గూడు బోరు చేసి కొత్త బుష్ దించవచ్చు. మనిషి ఎముకలో అన్నిసార్లు కుదరదు.

అన్నట్టు, కీళ్లవాతం ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. ఆ జబ్బు ఇప్పుడు చాలామందిలో కీలు మార్చేదాకా పోకుండా ఆపుతున్న మందు మెథోట్రెక్సేట్. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అప్పుడు అది రక్త క్యాన్సర్ కోసం. కీళ్లవాతానికి తక్కువ మోతాదులో వాడుక తరువాత వచ్చింది. ఆయన 1948లోనే పోయారు, ఈ ఉపయోగం చూడలేదు.

ఇక ఈ కథలో అసలు మలుపు మోకాలిలో కాక తుంటిలో వచ్చింది. ఇంగ్లండులో రైటింగ్‌టన్ అనే ఊళ్లో పాత క్షయ ఆస్పత్రి ఉంది. అక్కడ జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్చే పని సాగించాడు. ఎముకకూ లోహానికీ మధ్య అక్రిలిక్ సిమెంటు పూర్తిగా నింపే పద్ధతి ఆయనదే. 1958 నుంచి తుంటి గిన్నెకు టెఫ్లాన్ వాడాడు. ఇప్పుడు వంటింట్లో నాన్‌స్టిక్ పెనానికి పూత పూసే పదార్థమే. నున్నగా ఉంటుంది, జారుతుంది, బాగుంటుందనుకున్నాడు. సుమారు 300 మందికి పెట్టాడు. రెండు మూడేళ్లకే అది అరిగిపోయింది. అరిగిన పొడి చుట్టూ కణజాలం వాచి ఎముక తినివేయబడింది. ఒక్కొక్కరికీ మళ్లీ ఆపరేషన్ చేసి తీయవలసి వచ్చింది. ఆ పొడి చేసే హానిని తేల్చుకోవడానికి తన తొడలోనే టెఫ్లాన్ నమూనా పెట్టించుకుని చూశాడు. అక్కడ గడ్డ కట్టింది. ఆ సంగతి 1963లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. తన చేతి పనిలో వచ్చిన లోపాన్ని తన ఒంటి మీదే పరీక్షించి, పత్రికలో అచ్చు వేయించిన మనిషి. అటువంటివారు ఏ శాఖలోనైనా అరుదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన వ్యక్తి చార్న్‌లీ కాదు, ఆయన దగ్గర వర్క్‌షాపులో పనిచేసిన హ్యారీ క్రేవెన్. 1962లో ఒక సేల్స్‌మన్, నేత మగ్గాల గేర్లకు వాడే పాలిథిలిన్ రకం ముక్క ఒకటి తెచ్చి చూపించాడు. చార్న్‌లీ దాన్ని గోటితో గీకి చూసి, ఇది పనికిరాదని వెళ్లిపోయాడు. ఆయన ఊళ్లో లేని సమయంలో క్రేవెన్ ఆ ముక్కను అరుగుదల యంత్రానికి బిగించి తిప్పాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. అదే ఏడాది నవంబరులో దాన్ని రోగులకు అమర్చడం మొదలైంది. మన మోకాళ్లలో ఉన్న ప్లాస్టిక్ దిమ్మ ఆ జాతిదే. ఇంజినీరు వద్దన్న విడిభాగాన్ని మెకానిక్ పరీక్షించి చూడడం మనం ఎరగని విషయమా!

చార్న్‌లీని వేధించిన రెండో సమస్య చీము. మొదటి రోజుల్లో నూటికి ఏడు, ఎనిమిది మందికి పైగా క్రిములు సోకేవి. ఆ క్రిములు ఆపరేషన్ గదిలో ఉన్న మనుషుల చర్మం నుంచి గాలిలోకి రాలి గాయంలో పడుతున్నాయని ఆయన అనుమానం. గది లోపల మరో చిన్న గది కట్టి, వడపోసిన గాలి పైనుంచి కిందికి వదిలాడు. దాన్ని అందరూ గ్రీన్‌హౌస్ అనేవారు. 1970 నాటికి ఆయన దగ్గర క్రిములు సోకడం నూటికి ఒకటి లోపుకు దిగింది. ఇదంతా గాలి వల్ల కాదు, చేతి నేర్పు పెరగడం వల్ల అన్నవారూ ఉన్నారు. అందుకని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వివిధ ఆస్పత్రుల్లో 8,000కు పైగా తుంటి, మోకాలి ఆపరేషన్లను పోల్చి చూసింది. ఫలితం 1982లో వచ్చింది. మామూలు గదుల్లో నూటికి 1.5, శుద్ధమైన గాలి గదుల్లో 0.6. రోగి బంధువులను ఆపరేషన్ గది దరిదాపులకు రానివ్వరెందుకు, లోపల ఇంతమందే ఉండాలని నియమం ఎందుకు అంటే జవాబు ఇది.

మోకాలి విషయానికి వస్తే, చార్న్‌లీ దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చిన ఫ్రాంక్ గన్‌స్టన్ అనే కెనడా వైద్యుడు 1968లో మడతబందు వదిలేశాడు. ఉక్కు పట్టాలు తొడ ఎముకకు, ప్లాస్టిక్ గాడులు కాలి ఎముకకు విడివిడిగా అతికించాడు. మధ్య పిన్ను లేదు. మనిషి సొంత నరాలు, కట్టు తంతువులే కీలును పట్టి ఉంచుతాయి. ఆ దారినే 1974లో న్యూయార్క్‌లో ఇన్‌సాల్, రణావత్, ఇంజినీరు పీటర్ వాకర్ కలిసి తయారుచేసిన టోటల్ కాండిలార్ మోకాలు వచ్చింది. ఇప్పుడు లోకమంతా వాడే మోకాళ్లు దాని సంతానమే.

అరుగుదల తగ్గింది. వదులవడం తగ్గింది. చీము నూటికి ఒకటి, రెండుకు దిగింది. కానీ ఆ ఒకటీ రెండులో ఉన్నవాడికి లెక్క నూటికి నూరే. నేను అందులో పడ్డాను.

నాకు 2015లో కుడి మోకాలు మార్చారు. ఏడాది పాటు హాయిగా గడిచింది. మార్కెట్‌కు నడిచి వెళ్లి కూరలు తెచ్చేవాణ్ణి. పద్నాలుగో నెలలో నొప్పి మొదలైంది. నడిస్తే వచ్చే నొప్పి కాదు, పడుకున్నా వదలని నొప్పి. జ్వరం లేదు, మోకాలు ఎర్రబడలేదు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి వారు ఎక్స్‌రే తీసి అంతా సవ్యంగా ఉందన్నారు. వ్యాయామం చాలడం లేదన్నారు. మూడు నెలలు అదే మాట. ప్రతిసారీ బిళ్లలు మార్చేవారు. చివరకు మా అమ్మాయి వేరే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి నిద్రలో లేపుతోందా ఈ నొప్పి?" అని. అవునన్నాను. అదే రోజు ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. రక్త పరీక్షలు రాశారు. సూదితో మోకాలిలో నీరు తీసి పరీక్షకు పంపారు. రెండు వారాలు ఆ నీటిని పెంచి చూస్తే మనందరి చర్మం మీద ఉండే మామూలు క్రిమి ఒకటి దొరికింది. చర్మం మీద ఉన్నంతకాలం సాధువు. లోహం మీద చేరితే వేరే అవతారం.

దాని తత్వం డాక్టరు గారు చెప్పారు, తరువాత నేను చదివాను. కొత్త లోహం ఒంట్లో పడగానే దాని మీద చోటు కోసం మన కణాలకూ క్రిములకూ పరుగు పందెం జరుగుతుందని 1987లో గ్రిస్టీనా అనే అమెరికన్ వైద్యుడు వర్ణించాడు. క్రిములు ముందు చేరితే జిగట పొర కట్టుకుని దాని కింద కూర్చుంటాయి. చెరువు రేవు మెట్ల మీద పాచి తెలుసు కదా. ఎన్ని బిందెలు నీళ్లు పోసినా పోదు, గీకితేనే పోతుంది. యాంటిబయాటిక్ బిళ్లలు నీళ్లు పోయడం లాంటివి. పొర కింద ఉన్నవి చావవు. ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లోనే పట్టుకుంటే తెరిచి, కడిగి, ప్లాస్టిక్ దిమ్మ మార్చి లోహాన్ని కాపాడుకునే అవకాశం ఉంది. అందుకే కుట్లు పడిన చోట వారం దాటినా తడి ఆరకపోతే ఆపరేషన్ చేసిన సర్జనుకే చూపించాలి. ఇంట్లో ఉన్న బిళ్లలు మింగి ఊరుకోకూడదు. ముందే బిళ్లలు మింగితే పరీక్షలో క్రిమి దొరకదు కూడా. నా కేసులో ఆ గడువు దాటిపోయింది. లోహం మొత్తం తీయాలన్నారు.

తీసి? ఒకప్పుడైతే ఎముకలు రెండూ కలిపి కాలు కర్రలా బిగించేవారు. అదీ కుదరకపోతే కాలు తీసేవారు. జర్మనీలోని హాంబర్గ్‌లో బుకోల్జ్ 1970 ప్రాంతంలో సిమెంటులోనే జెంటమైసిన్ మందు కలిపి వాడడం మొదలుపెట్టాడు. సిమెంటు నుంచి మందు మెల్లగా ఊరుతూ ఉంటుంది. 1983లో, పైన చెప్పిన ఇన్‌సాల్ బృందం 11 మోకాళ్ల అనుభవం ప్రకటించింది. మొదటి ఆపరేషన్‌లో కీలు తీసి శుభ్రం చేయడం, ఆరు వారాలు సూది ద్వారా యాంటిబయాటిక్, తరువాత రెండో ఆపరేషన్‌లో కొత్త కీలు. పదకొండు మోకాళ్లంటే చిన్న లెక్కే. అయినా ఇప్పటికీ ముదిరిన చీముకు చాలాచోట్ల చేసేది దాదాపు అదే పద్ధతి. నాకు చేసిందీ అదే.

2017 ఫిబ్రవరిలో కీలు తీశారు. ముందు రోజు సంతకం పెట్టవలసిన కాగితంలో, అవసరమైతే కాలు తీసివేయవలసి రావచ్చని ఒక వాక్యం ఉంది. మా ఆవిడ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. "ఈ కాగితం మీద నా సంతకం వద్దు, మీరే పెట్టండి" అంది. పెట్టాను. తీసిన చోట మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. కాలు వంగదు. వాకరుతో, కాలు ఈడ్చుకుంటూ బాత్‌రూముకు వెళ్లడమే రోజంతటికీ ప్రయాణం. చేతి నరంలో సన్నని గొట్టం ఉంచి ఆరు వారాలు మందు ఎక్కించారు. నర్సు ఇంటికి వచ్చేది. మా ఆవిడ ఒక్కొక్క డోసుకూ గోడ క్యాలెండరు మీద పెన్సిల్ గీత పెట్టేది. సి.ఆర్.పి. అంకె వారం వారం దిగాలి. దిగితేనే కొత్త కీలు. ఐదో వారంలో దిగవలసిన అంకె కాస్త పెరిగింది. ఆ వారం మా ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. మళ్లీ దిగింది. మే నెలలో కొత్త కీలు పెట్టారు. ఈసారి కాడలు పొడుగు, ఎముక లోపలిదాకా దిగేవి. ఇప్పుడు నా మోకాలు 90 డిగ్రీలు వంగుతుంది. రెయిలింగు పట్టుకుని మెట్లు ఎక్కుతాను. నేల మీద కూర్చోలేను. వ్రతానికి పీట బదులు కుర్చీ.

ఆ రెండు నెలల్లో నా మనసుకు సాయం చేసింది అంకెలే. రేపు ఏం జరుగుతుందో తెలియక పడే భయం, ఈ వారం అంకె ఎంత అని అడిగితే కాస్త తగ్గేది. ఇటువంటి స్థితిలో ఉన్నవారి కుటుంబాలకు నేను చెప్పేది ఒకటే. "ఏం కాదులే" అనకండి. ఏ పరీక్ష ఎప్పుడు, దేని కోసం అన్నది రోగికి తెలియనివ్వండి.

ఇతర చిక్కులు కొన్ని క్లుప్తంగా.

కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. నివారణ మందు ఇవ్వని రోజుల్లో మోకాలి మార్పిడి అయినవారికి పరీక్ష చేస్తే సగం మందికి ఇటువంటి గడ్డలు కనిపించేవి. చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి. ఏదో ఒకటి ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. లండన్‌లో భారతీయ సంతతి వైద్యుడు వి.వి. కక్కర్ నాయకత్వంలో 4,121 మంది ఆపరేషన్ రోగుల మీద జరిగిన పరిశీలన 1975లో వెలువడింది. హెపారిన్ కొద్ది మోతాదు ఇవ్వనివారిలో 16 మంది ఊపిరితిత్తుల్లో గడ్డలతో పోగా, ఇచ్చినవారిలో ఇద్దరే పోయారు. పొట్ట మీద సూది ఆ లెక్క నుంచి వచ్చింది. ఇంటికి వచ్చాక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

మోకాలు బిగుసుకుపోవడం. నా పక్క మంచం మీద ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉండేవారు. ఆపరేషన్ అయి రెండు నెలలైనా 60 డిగ్రీలకు మించి వంగలేదు. మత్తు ఇచ్చి, సర్జను చేత్తో వంచారు. ఇది మొదటి మూడు నెలల లోపు చేస్తేనే ఎక్కువ లాభం. 1970ల్లో కెనడా వైద్యుడు సాల్టర్ కీలును యంత్రంతో నిరంతరం కదిలించాలన్న ఆలోచన తెచ్చాడు. కొంతకాలం ప్రతి పెద్ద ఆస్పత్రిలో ఆ యంత్రం కనిపించేది. తరువాతి పరిశీలనల్లో దాని వల్ల వంగుడులో చెప్పుకోదగ్గ లాభం లేదని తేలింది. మనిషి తాను పడే కష్టానికి యంత్రం సాటి రాలేదు. నొప్పి మందు వేసుకుని అరగంట ఆగి వ్యాయామం చేయడం మాస్టారు గారికి పనిచేసిన ఉపాయం.

వెన్నులో మత్తు సూది తరువాత తలనొప్పి. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్, ఆయన సహాయకుడు ఒకరి మీద ఒకరు ఈ మత్తు ప్రయోగించుకున్నారు. సహాయకుడి కాలి ఎముక మీద బియర్ సుత్తితో కొట్టి చూశాడు, నొప్పి తెలియలేదు. సంతోషంగా సారాయి, చుట్టలతో పండుగ చేసుకున్నారు. మర్నాడు ఇద్దరికీ తలనొప్పి. బియర్ తొమ్మిది రోజులు పడుకునే ఉన్నాడు. ఇప్పటి సూదులు బహు సన్నం కనుక ఈ బాధ బాగా తగ్గింది.

పెద్ద వయసు వారికి ఆపరేషన్ అయిన ఒకటి రెండు రాత్రులు మాట తడబడడం, లేనివారిని పిలవడం జరుగుతుంది. దీని గురించి 1955లోనే బెడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు రాశాడు. మతి పోయిందని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఎక్కువమందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కళ్లజోడు, చెవి మిషను మంచం దగ్గరే ఉంచడం, తెలిసిన మనిషి పక్కన కూర్చోవడం మేలు చేస్తాయి. డాక్టరుకు మాత్రం వెంటనే చెప్పాలి, ఎందుకంటే ఒంట్లో ఉప్పు తగ్గినా, మూత్రంలో చీమున్నా ఇదే రూపం కట్టవచ్చు.

కుట్టు గీతకు బయటి వైపు అరచేయంత చోటు మొద్దుబారడం గురించి చాలామంది నన్ను అడుగుతారు. చర్మానికి స్పర్శ ఇచ్చే చిన్న నరం కోతలో తెగుతుంది. దాని వల్ల ప్రమాదం లేదు. అయితే పాదం పైకి లేవకపోతే అది వేరే నరం, అది వెంటనే చెప్పవలసిన విషయం.

మన దేశంలో ఈ ఆపరేషన్ ఇంటింటి మాట అయింది ప్రధాని వాజ్‌పేయి గారి మోకాళ్లతో. 2000 అక్టోబరులో ఎడమది, 2001 జూన్‌లో కుడిది, ముంబై బ్రీచ్ కాండీ ఆస్పత్రిలో మార్చారు. చేసింది పైన చెప్పిన న్యూయార్క్ రణావత్ గారే. ఆయన మధ్యప్రదేశ్‌లో పుట్టి ఇండోర్‌లో చదివినవారు. అప్పటిదాకా "ముసలితనం, భరించాలి" అనుకున్నవారు ఆస్పత్రుల వైపు చూడడం మొదలుపెట్టారు. స్వీడన్‌లో 1975 నుంచి ప్రతి మార్చిన మోకాలినీ రిజిస్టరులో నమోదు చేస్తున్నారు. ఏ కంపెనీ కీలు ఎన్నేళ్లు నిలిచిందో అలాగే బయటపడుతుంది. మా వర్క్‌షాపులో ప్రతి బండికీ లాగ్ బుక్ ఉండేది. మనిషి మోకాలికి ఆ మాత్రం మర్యాద కావాలి. 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో నూటికి 82 వరకు పాతికేళ్లు నిలుస్తాయి. అదే సమయంలో, కీలు సవ్యంగా ఉన్నా తృప్తిగా లేమని చెప్పేవారు ఐదుగురిలో ఒకరి దాకా ఉంటున్నారని పలు పాశ్చాత్య పరిశీలనలు చెప్పాయి. వీరిని "వేషాలు" అని తోసిపుచ్చడం నాకు సమ్మతం కాదు. నన్నూ మూడు నెలలు అలాగే తోసిపుచ్చారు.

ఇక ఖర్చు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి కీళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు, సగటున రూ. 1,58,324 ఉన్నది, పన్ను కాక రూ. 54,720కి దిగింది. నా కొత్త కీలు కొన్న మూడు నెలలకు! మా ఆవిడ ఆ వార్త చదివి పేపరు మడిచి నా ఒళ్లో పడేసింది. నా రీయింబర్స్‌మెంట్ ఫైలు అప్పటికి ఒక కార్యాలయంలో ఉంది. కొద్ది రోజులకు "ఒకే మోకాలికి మూడు ఆపరేషన్ల బిల్లులు ఎలా వచ్చినవి? వివరణ ఇవ్వవలెను" అన్న వ్యాఖ్యతో తిరిగి వచ్చింది. నేను రెండు పేజీల వివరణ రాశాను. పైన రాసిన చరిత్రలో సగం ఆ వివరణలో ఉన్నదే. ఇన్‌సాల్ పేరు, 1983 సంవత్సరం, రెండు విడతలు ఎందుకన్నది, డాక్టరు గారి సర్టిఫికెట్ జతపరిచాను. ఇటువంటి అవసరం వచ్చినవారు రెండు ఆపరేషన్లూ ఒకే చికిత్సలోని రెండు దశలని డిశ్చార్జి కాగితంలోనే రాయించుకుంటే మంచిది. కీలు పెట్టె మీద ఉండే స్టిక్కర్లు, అంటే కంపెనీ, సైజు, నంబరు ఉన్నవి, తప్పక అడిగి దాచుకోండి. మళ్లీ తీయవలసి వస్తే సర్జను మొదట అడిగేది అదే.

పదకొండు నెలలకు బిల్లు మంజూరయింది. వాకరు ఖర్చు మాత్రం అర్హత లేదని కొట్టివేశారు. ఆ వాకరు ప్రస్తుతం మన సంఘం కార్యాలయంలో బీరువా పక్కన ఉంది. రబ్బరు బూట్లు కొత్తవి వేయించాను. కావలసిన సభ్యులు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకువెళ్లవచ్చు.